చెవి కోసిన మేకలు

చెల్లెలి పురుడు చూసి నస్రా ఊరికి తిరిగొచ్చేసరికి ఇంట్లో మేకపిల్లలు మిన్ను విరిగి పడేట్టు అరుస్తున్నాయి. వీధి మలుపులోనే ఆ అరుపు ఆమె చెవిన పడింది. పాలు తాగి ఆడుకునే పిల్లల అరుపు కాదది. చంకలోని మూట గడపలో పడేసి దొడ్డిలోకి పరుగెత్తింది. పిల్లలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి, రాతిగోడకు మూతులానించి ఏడుస్తున్నాయి. తల్లులు ఒక్కటీ లేవు.

ఈనగానే తల్లి చచ్చిపోతే నస్రా గుడ్డపీలికతో పాలు పట్టి బతికించుకున్న నల్లపిల్ల ఒకటుంది. అది మాత్రం గోడను వదిలి వచ్చి ఆమె గౌను అంచు నోట కరుచుకుని చీకడం మొదలెట్టింది.

మొగుడు జిర్జిస్ అరుగు మీద కూర్చుని చుట్టకాగితంలో పొగాకు చుడుతున్నాడు. చుట్టిందే మళ్ళీ విప్పి చుడుతున్నాడు. తప్పు చేసిన రోజున అతని చేతులు అలాగే ఉంటాయని నస్రాకు తెలుసు.

"మేకలేయీ?"

"ఉన్నాయిలే. భద్రంగానే ఉన్నాయి."

"భద్రంగా ఉంటే దొడ్లో ఉండాలిగా. ఎక్కడున్నాయి?"

"పరంగి మఠంలో."

నస్రా మళ్ళీ నోరు తెరిచేలోగా జిర్జిస్ గబగబా చెప్పుకొచ్చాడు. "మేకల పన్ను లెక్కకి సర్కారు నౌకరు షుక్రీ ఎఫెందీ వస్తున్నాడని కబురొచ్చింది. ఎప్పట్లా గుహల్లో దాచేద్దామంటే, ఈసారి జవాన్లు గుహలు కూడా గాలిస్తున్నారంట. నువ్వా, ఊళ్ళో లేవు. మన ఇస్తిఫానే చెప్పాడు, అన్నా, మా గోడ లోపలికి తోలెయ్, ఆడికి సుల్తాను గాలి కూడా రాదు, లెక్క అయిపోంగానే తోలుకుపో అని. ఏడాది నిండని పిల్లలకి లెక్క లేదుగా, అందుకే వీటిని ఇక్కడే ఉంచేశా."

జిర్జిస్ చిన్నాన్న కొడుకు ఇస్తిఫాన్ ఆ మఠంలో పెత్తందారు. తాళాలూ ధాన్యమూ పనివాళ్ళూ అన్నీ అతని చేతిమీదే.

మఠం మాట జిర్జిస్ అబద్ధం చెప్పలేదు. ఊరికి ఎగువన కొండ మీద ఆ తెల్లగోడ లేచిన నాటినుంచీ దాని లోపలిదానికి దేనికీ పన్ను లేదు. ఇంటికి లేదు, ఆలివ్ తోటకు లేదు, జాఫా రేవులో వాళ్ళ పేర దిగిన పీపాలకూ గంటలకూ సుంకం లేదు. ఇస్తాంబుల్లో సుల్తాను ఏ అప్పుకు జడిసో, ఏ యుద్ధనౌకకు బెదిరో ఆ పరదేశపు రాజ్యానికి రాసిచ్చిన ఫర్మానా అది. సర్కారు మనిషి ఆ గుమ్మం దాటాలంటే జెరూసలేం నుంచి ఆ రాజ్యపు ప్రతినిధి కాన్సలు పంపిన మనిషి వచ్చి పక్కన నిలబడాలి. అక్కడ మాఫీ అయింది గాలికి పోతుందా? ఊరి నెత్తిన పడుతుంది. కొండ మీద తోట పెరిగినకొద్దీ కొండ కింద పన్ను పెరిగింది. అది చూసి చూసి కడుపు మండిన జిర్జిస్‌కు, ఒక్కసారైనా ఆ గోడ నీడన తనూ నిలబడదామని బుద్ధి పుట్టింది. పాపం, అందులో తప్పేముంది అనిపిస్తుంది. మిగతా కథ వినేదాకా.

"లెక్క అయిపోయిందా?" అంది నస్రా.

"మొన్ననే అయింది."

"మరి తోలుకురాలేదే?"

జిర్జిస్ మళ్ళీ కాగితం విప్పాడు. "చెవులు కత్తిరించారు."

"ఏ చెవి?"

"ఎడమది. కొన మాత్రమే. కాసింత."

నస్రా అక్కడే గోడకు చేరబడింది. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి మేకకూ కుడిచెవి మీద ఆ ఇంటి గాటు ఉంటుంది. ఎడమచెవి ఎవరూ ముట్టరు. బిడ్డకు జ్వరం తగ్గకపోతేనో, వాన పడకపోతేనో, గుడి గుమ్మం ముందు మార్ జిర్జిస్ అనే సాధువుకు మొక్కుకుని, మొక్కిన జీవానికి ఎడమచెవి కొన కోస్తారు. క్రైస్తవులూ అంతే, ముసల్మానులూ అంతే. ఆ క్షణం నుంచి అది సాధువు సొత్తు. చేలో పడి మేసినా ఎవరూ అదిలించరు. దొంగ కూడా దాని జోలికి పోడు. దాన్ని వెనక్కి అడిగినవాడు ఊళ్ళో ఇప్పటిదాకా పుట్టలేదు.

"గుర్తు కోసమే అన్నాడు వాడు," అన్నాడు జిర్జిస్. "ఊరి గాటుతో ఉంటే లెక్కలవాడు నమ్మడు, మఠం గుర్తుండాలన్నాడు. నేనేమీ మనసులో మొక్కుకోలేదే!"

"నీ మనసులో ఏముందో మేక చెవికేం తెలుసయ్యా? మఠం గుమ్మమైనా గుడి గుమ్మమే, అక్కడ నిలబడి కోయించావు కదా!"

"ఎఫెందీ గుమ్మం దగ్గర అడిగితే కూడా… మార్ జిర్జిస్ మీద ఆన, నాకు మేకల్లేవు, ఇవన్నీ మఠానివే అని…"

"ఆన కూడా పెట్టావా! నీ పేరున్న సాధువు మీదే! ఓరి నా తండ్రీ, కొరివితో తల గోక్కునేవాణ్ణి చూశాను గానీ, పొయ్యిలోనే తల పెట్టినవాణ్ణి ఇవాళే చూస్తున్నాను."

పక్కింటి జరీఫా గోడ మీంచి చెంబు అందించింది. "ఇదిగో నస్రా, పిల్లలకి కాసిని పట్టు. మూడు రోజుల్నించీ నేనే పోస్తున్నా, నా మేకపాలు నా పిల్లలకే చాలట్లేదు."

"నీ మేకలు దొరకలేదా ఎఫెందీకి?"

"దొరక్కేం, గుహలోంచి తోక పట్టి లాగారు. పన్నేశారు, నేనూ మా ఆయనా శాపనార్థాలు పెట్టాం. కానీ సాయంత్రం పాలు పిండుకున్నానమ్మా. మీ ఆయన తెలివైనోడు, పన్నూ లేదు, పాలూ లేవు." అని నవ్వబోయి, నస్రా మొహం చూసి ఆగిపోయింది.

నస్రా ఆ పాలు పిల్లలకు తలా కాస్త తాగించి, గౌను అంచు నడుముకు దోపి కొండెక్కింది. మఠం గోడ దగ్గర పడేసరికే లోపలినుంచి తన మేకల గొంతులు వినబడ్డాయి. పొదుగులు బరువెక్కిన మేకలు అరిచే తీరే వేరు. ఒక్కో గొంతూ ఆమెకు తెలుసు. ఆ బొంగురుగొంతు గోధుమరంగుది, బేత్‌జాలా సంతలో పిల్లతో సహా కొనుక్కొచ్చింది. ఆ సన్నగొంతు విరిగిన కొమ్ముది.

ఇస్తిఫాన్ గుమ్మంలోని చిన్నకిటికీ తెరిచి మొహం పెట్టాడు. "వదినా! ఎప్పుడొచ్చావు? మీ చెల్లెలు కులాసానా?"

"కులాసానే. మేకల్ని వదులు."

"నెమ్మదిగా, నెమ్మదిగా. పాదిరీ గారు ప్రార్థనలో ఉన్నారు."

"ఆయన ప్రార్థన ఆయన చేసుకోనీ. మా మేకలు ప్రార్థన చెయ్యవు, పాలిస్తాయి. వదులు."

ఇస్తిఫాన్ గొంతు తగ్గించాడు. "వదినా, నా మాట విను. ఆయనతో నేనేం చెప్పాననుకున్నావ్? లెక్క తప్పించడానికి ఊరి మేకల్ని పెట్టుకుందాం అంటే ఆ మనిషి ఒప్పుకుంటాడా? అబద్ధమంటే భగ్గుమంటాడు. అందుకని అన్న మొక్కుబడిగా ఇస్తున్నాడని చెప్పా. నెమ్మదిగా రాత్రిళ్ళు ఒకటీ రెండూ బయటికి తోలేద్దామనుకున్నా. ఈలోగా ఆయన ఎంచి కాన్సలుకి రాసేశాడు. ఇంక నా చేతుల్లో లేదు."

"అయితే ఇప్పుడు నిజం చెప్పు."

"చెప్తే నా పని పోతుంది."

"చెప్పకపోతే నా మేకలు పోతాయి! నీ పనికి నా మేకలెందుకురా కట్టాలి?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడి పేరు చెప్పి పూజారే పుచ్చుకుపోయాడు. నస్రా రాయి తీసుకుని గుమ్మం మీద దడదడ బాదింది. లోపల మేకలు ఆ చప్పుడుకు ఇంకా గట్టిగా అరిచాయి. ఆ రభసకు చివరికి పాదిరీ లాంబేర్ బయటికి వచ్చాడు.

పొడుగాటి మనిషి, ఎర్రటి ముక్కు, తెల్లగడ్డం. చెడ్డవాడు కాదు. ఊళ్ళో కళ్ళ జబ్బులకు మందు వేసేది ఆయనే. మనవాళ్ళ భాష పుస్తకాల్లో నేర్చుకున్నవాడు కనుక ఎప్పుడు మాట్లాడినా శాసనం చదివినట్టే ఉంటుంది.

"అమ్మా, శాంతించుము. నీ భర్త మిగుల భక్తుడు. తన సర్వస్వమును అర్పించినాడు. ఇట్టి విశ్వాసము నేను ఈ దేశమున చూడలేదు."

"అయ్యగారూ, ఆయన భక్తుడు కాదు, బుద్ధితక్కువవాడు. పన్ను తప్పించుకోడానికి ఈ పని చేశాడు. మొక్కూ లేదు గిక్కూ లేదు. మా మేకలు మాకియ్యండి."

పాదిరీ మొహం చిన్నబోయింది. ఇస్తిఫాన్ వంక చూశాడు. ఇస్తిఫాన్ నేల చూశాడు. "వదిన ఊళ్ళో లేదండి. అన్న ఇచ్చినందుకు కోపంగా ఉంది," అన్నాడు.

"అటులనా." పాదిరీ కళ్ళల్లో జాలి కనబడింది. నస్రాకు ఆ జాలి చెంపదెబ్బలా తగిలింది. "అమ్మా, నీ దుఃఖము నాకు తెలియును. కాని దేవునికిచ్చినది తిరిగి కోరరాదు. మీ ఆచారము కూడ అదియే కదా? చెవి కోయబడినది. నీ భర్త ప్రమాణము చేసినాడు. నీ మాట నిజమైనచో నీ భర్త సర్కారుకును, సాధువుకును అబద్ధమాడినాడు. మా మఠమును అందుకు సాధనముగా వాడినాడు. అట్టి మాట నేనెట్లు నమ్మగలను?"

నమ్మకపోవడమే మర్యాద అన్నట్టు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో అడిగితే ఊరూ అదే మాట. గ్రామపెద్ద తల పంకించి, "కోసిన చెవి మొలుస్తుందా తల్లీ," అన్నాడు. ఊరి గుడి పూజారి అయితే ఆ పరంగి మఠాన్ని పన్నెండు నెలలూ తిట్టిపోసేవాడే. ఆయనా గడ్డం దువ్వుకుని, "మఠం ఎవరిదైనా మార్ జిర్జిస్ ఒకడే కదమ్మా," అన్నాడు. నస్రాకు అందరి కన్నా ఆ మాటకే ఒళ్ళు మండింది. అయినవాళ్ళు తోడు రారు, కానివాడు గుమ్మం తీయడు. మధ్యలో పిల్లలు మాత్రం గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాయి. మర్నాటికి వాటిలో చిన్నది లేచి నిలబడలేకపోయింది.

ఇంక మిగిలింది సర్కారు. షుక్రీ ఎఫెందీ ఆ లోయలో ఊళ్ళన్నీ చుట్టి, ఇంకా గ్రామపెద్ద ఇంట్లోనే బస చేసి, ఊరి కోళ్ళను ఒక్కొక్కటే ఖాళీ చేస్తున్నాడు. అతని పళ్ళెం ముందు నిలబడి నస్రా మొత్తం చెప్పేసింది. జిర్జిస్ గుమ్మం బయట టోపీ పిసుక్కుంటూ నిలబడ్డాడు.

"మేం అబద్ధం చెప్పాం ఎఫెందీ. ఆ మేకలు మావి. పన్నెయ్యి. జరిమానా ఎయ్యి. ఎంతేస్తే అంత కడతాం. మేకల్ని మాత్రం బయటికి తీయించు."

ఎఫెందీ కోడికాలు పళ్ళెంలో పెట్టేశాడు. "ఇరవై ఏళ్ళ నౌకరీలో పన్ను వెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డ మనిషిని నిన్నే చూశానమ్మా."

"చూశావుగా. వచ్చి వెయ్యి."

"ఎక్కడికి రావాలి? ఆ గోడ లోపలికా?" ఎఫెందీ గొంతులో ఒక్కసారి చేదు పొంగుకొచ్చింది. "అమ్మా, నేను సుల్తాను నౌకర్ని. ఈ కొండల్లో ఏ ఇంటి తలుపైనా కాలితో తన్ని లోపలికి పోగలను. ఆ ఒక్క తలుపు దగ్గర మాత్రం టోపీ తీసి నిలబడాలి. నేను కచ్చేరికి రాయాలి, కచ్చేరి జెరూసలేంని ఏలే పాషాకి రాయాలి, పాషా కాన్సలుకి రాయాలి, కాన్సలు తన రాజ్యానికి రాసుకోవాలి. ఆ జవాబు వచ్చేసరికి నీ మేకలు ముసలివై చస్తాయి. నాకేమన్నా సరదానా? వాళ్ళ గుమ్మం దగ్గర మొన్న నన్ను ఎండలో నిలబెట్టారు, తెలుసా? మంచినీళ్ళు కూడా కిటికీలోంచి ఇచ్చారు."

"అయితే నీకూ కోపంగానే ఉందిగా. రా నాతో."

"వచ్చి?"

నస్రా దగ్గర ఆ మాటకు జవాబు ఉంది. నిన్నటినుంచీ ఆ పిల్లల ఏడుపు వింటూ ఆలోచించి పెట్టుకున్నదే. "లోపలికి నువ్వు రావద్దు. గుమ్మం తీయమను చాలు. నా పిల్లల్ని వదుల్తా. ఏ పిల్ల ఏ తల్లి దగ్గరికి పోతుందో నువ్వే చూడు. మనుషులు ఆనపెట్టి అబద్ధమాడతారు. మేకలు ఆడవు."

మఠం వాళ్ళను వాళ్ళ గుమ్మం ముందే ఇరుకున పెట్టే అవకాశం ఎప్పుడు వస్తుంది మళ్ళీ? ఎఫెందీ చేతులు కడుక్కుని లేచాడు.

ఊరు ఊరంతా కొండెక్కింది. జరీఫా లేవలేని చిన్నదాన్ని భుజాన వేసుకుంది. జిర్జిస్ మిగతావాటిని తోలుకొచ్చాడు. నల్లపిల్ల నస్రా గౌను అంచు వదలకుండా వెంట వచ్చింది. పాదిరీ లాంబేర్ తనకు దాచుకునేదేమీ లేదని గుమ్మం రెండు తలుపులూ బార్లా తెరిపించాడు. ఎఫెందీ గడప ఇవతలే ఆగాడు. నస్రా దారి వదిలింది.

పిల్లలు ఒక్క క్షణం తడబడ్డాయి. లోపల బొంగురుగొంతు వినబడిందో లేదో, గోధుమరంగు పిల్ల బాణంలా దూసుకుపోయింది. దాని వెనక తక్కినవి. మఠం ముంగిట్లో మేకలన్నీ చెల్లాచెదురయ్యాయి. ప్రతి తల్లీ పిల్ల తోక వాసన చూసి, నాది కాదనుకుంటే కొమ్ముతో నెట్టి, నాదనుకుంటే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. జరీఫా దించిన చిన్నది కూడా కుంటుకుంటూ పోయి విరిగిన కొమ్ముదాని పొదుగు పట్టుకుంది. ఒక్క పిల్ల తప్పిపోలేదు, ఒక్క తల్లి పొరబడలేదు. అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాలు గుటకలేసే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నస్రాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "చూశారా! చూశారా అందరూ! ఎవరివో చెప్పండి ఇప్పుడు!"

"సాక్ష్యమంటే ఇదీ," అన్నాడు ఎఫెందీ మీసం దువ్వి. "పాదిరీ గారూ, పిల్లలు ఈమెవి. తల్లులెవరివో వేరే చెప్పాలా?"

పాదిరీ లాంబేర్ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత రమ్యమైన దృశ్యము," అన్నాడు. నిజంగానే అన్నాడు. "అమ్మా, ఇవి పూర్వము నీ ఇంటివని నేనెన్నడును కాదనలేదు. నీ ఇంటివి కానిచో నీ భర్త ఎట్లు అర్పించును? కాని ఈ పసిజీవముల సంగతి నాకు తోచలేదు. వీనిని తల్లుల నుండి వేరుచేయుట గొప్ప తప్పిదము." ఇస్తిఫాన్ వైపు తిరిగాడు. "మీ ఆచారము చెప్పుము. పాలు మానని పిల్ల ఎవరిది?"

ఇస్తిఫాన్ పెదాలు తడుపుకున్నాడు. వదిన వైపు చూడలేదు.

"పాలు మానని పిల్ల తల్లి వెంటే పోతుందండి. సంతలోనైనా అంతే, మొక్కులోనైనా అంతే."

నస్రా నోరు తెరిచింది. గోధుమరంగు మేకను బేత్‌జాలా సంతలో కొన్నప్పుడు, దాని వెంట ఉన్న పిల్లకు వేరే డబ్బివ్వనని అమ్మినవాడితో వాదించి గెలిచింది తనే. ఆ ముచ్చట ఊరందరికీ చెప్పుకుంది కూడా. ఇప్పుడు ఊరు ఆమెనే చూస్తోంది. ఒక్కరూ కాదనలేదు.

"అటులైనచో తలుపు వేయుము," అన్నాడు పాదిరీ మెల్లగా. "పిల్లలు తల్లులతోనే ఉండుట దైవచిత్తము."

"ఎఫెందీ!" అని అరిచింది నస్రా.

ఎఫెందీ అప్పటికే ఒక అడుగు వెనక్కి వేశాడు. "మొక్కుబడి ముచ్చట మతం సంగతమ్మా. మతం సంగతీ నాది కాదు, గోడ లోపల సంగతీ నాది కాదు. నేనేం చెయ్యను?"

తలుపులు మూసుకున్నాయి. లోపల మేకలు కడుపునిండా తృప్తిగా ఉన్నాయి కాబోలు, ఒక్కటీ అరవలేదు. నస్రా అదే భరించలేకపోయింది. అరిచినన్నాళ్ళూ అవి తనవి.

జిర్జిస్ గుడ్ల నీరు కుక్కుకుంటూ, "పోనీలే, మనకిక పన్నైనా లేదు," అన్నాడు. అతను ఏదో ఓదార్పు చెప్పబోయాడు పాపం. నస్రా అతని వంక చూసిన చూపుకు జనంలోకి తప్పుకున్నాడు.

కంచరగాడిద ఎక్కబోతూ ఎఫెందీ ఆగాడు. నస్రా గౌను అంచు చీకుతూ నల్లపిల్ల ఇంకా అక్కడే ఉంది. లోపలికి పోవడానికి దానికి తల్లి లేదు.

"ఇదెవరిది?"

"నాది," అంది నస్రా.

ఎఫెందీ వంగి దాని రెండు చెవులూ పట్టి చూశాడు. రెండూ నిండుగా ఉన్నాయి. సంచిలోంచి కాగితం తీశాడు. "వచ్చే వసంతానికి ఏడాది నిండుతుంది. లెక్కకి వస్తుంది. రాసుకుంటున్నా, మళ్ళీ చెప్పలేదనేవు."

"రాసుకో. బాగా పెద్దక్షరాలతో రాసుకో. నస్రాకి ఒక మేక ఉందని సుల్తానుకైనా తెలియాలిగా."

జనం ఇళ్ళకు మళ్ళారు. జరీఫా చెయ్యి పట్టి లాగింది గానీ నస్రా కదల్లేదు, మూసిన తలుపు ముందు నేల మీద చతికిలబడింది. ఆకలికి నల్లపిల్ల ఆమె వేలు నోట పెట్టుకుని చీకింది, ఏమీ రాక కొరికింది. ఇంట్లో చుక్క పాలు లేవు. జరీఫాను ఎన్నాళ్ళని అడుగుతుంది?

చిన్నకిటికీ కిర్రుమంది. ఇస్తిఫాన్ చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది, చేతిలో మట్టిగిన్నె, నురగ కక్కుతున్న పాలు.

"వదినా," అన్నాడు, మొహం చూపించకుండా. "పాదిరీ గారు ధర్మంగా ఇమ్మన్నారు. రోజూ ఈ వేళకి రా, పోస్తాం."

నస్రా లేచింది. ఆ నురగ చూడగానే ఆమెకు తెలిసిపోయింది, అవి గోధుమరంగుదాని పాలు. తన మేక పాలు తనకే ధర్మం! గిన్నె లాక్కుని ఆ కిటికీలోకే, ఆ మొహం మీదికే విసిరికొట్టాలని చెయ్యెత్తింది. కాళ్ళ దగ్గర పిల్ల వెనక్కాళ్ళ మీద లేచి, ఆ గిన్నె కోసం ఆమె మోకాళ్ళు తన్నుతోంది.

"నీ మఠం మీద మన్ను పొయ్య," అని, గిన్నె కింద పెట్టింది. పిల్ల తలెత్తకుండా తాగింది.